గడ్డకట్టే చలిలో జింక వేట: ఏ మజిల్‌లోడర్ కొనాలి?

అమెరికాలో జింక వేట అనగానే అందరికీ గుర్తొచ్చేది నవంబర్. రైఫిళ్ల సీజన్ ముగిసి, అడవిలో జనం పలచబడి, మంచు పడటం మొదలయ్యాక చాలా రాష్ట్రాల్లో ఇంకో చిన్న సీజన్ తెరుస్తారు. మూతి వైపు నుంచి మందూ గుండూ కూరి కాల్చే తుపాకులకు, అంటే మజిల్‌లోడర్లకు కేటాయించిన సీజన్ అది. మిన్నెసోటాలో నవంబర్ చివర మొదలై డిసెంబర్ మధ్య దాకా నడుస్తుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది. ఐయోవాలో జనవరి 10 దాకా ఉంటుంది. మన ఏజెన్సీ ప్రాంతాల వార్తల్లో నాటు తుపాకీ అని చదివేది ఈ జాతిదే. ఇక్కడ మాత్రం దుకాణంలో స్కోపుతో సహా అమ్ముతారు.

ఆఫీసు స్నేహితులు పిలిస్తే సరదాగా వెళ్లి, మరుసటి ఏడాది సొంత తుపాకీ కొనాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవారికి ఇది పనికిరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ జింకను వేటాడటం నేరం.

దుకాణంలో మొదట వినిపించే మాట దూరం: ఇది 150 గజాలు కొడుతుంది, అది 200 కొడుతుంది అని. చలికాలం వేటలో నా లెక్క వేరు. డిసెంబర్ సాయంత్రం నాలుగున్నరకి, మంచులో మూడు గంటలు కూర్చున్న తర్వాత, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుందా లేదా? తుపాకీ టిక్కుమని ఊరుకుంటే 200 గజాల స్కోపు ఉండి ఏం లాభం?

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

చట్టం. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాతి సీజన్‌కు ఫ్లింట్‌లాక్ తప్ప ఇంకేదీ పనికిరాదు. 1974లో ఆ సీజన్ పెట్టింది చెకుముకి తుపాకుల కోసమే. ఐడహోలో మజిల్‌లోడర్ వేటలకు స్కోపు కూడదు, ప్లాస్టిక్ తొడుగు గుండ్లు కూడదు, బిళ్లల మందు కూడదు, మందును అంటించే చిన్న టోపీ (క్యాప్) బయటికి కనిపించేలా ఉండాలి. ఐయోవాలో స్కోపున్న ఆధునిక ఇన్‌లైన్‌తో, అంటే మంట గొట్టానికి సరిగ్గా వెనక పుట్టే రకంతో, నిక్షేపంగా వేటాడొచ్చు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి రాష్ట్ర వేట నిబంధనల పుస్తకం చదవకుండా పర్సు తీయకండి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. హెచ్‌1బీ లాంటి వీసాలతో వచ్చినవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. అమెరికాలో జారీ అయిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. నల్లమందుతో (బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీ మందు) లేదా దాని బదులు వాడే మందులతో మాత్రమే పనిచేసే మజిల్‌లోడర్‌ను 1968 గన్ కంట్రోల్ చట్టం కింద మామూలుగా ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించరు. అయితే థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ లాగా గొట్టం మార్చి మామూలు రైఫిల్‌గా వాడుకోగలిగేవి ఆ వెసులుబాటులోకి రావు. ఫెడరల్ చట్టం వదిలేసినదాన్ని రాష్ట్ర చట్టం పట్టుకోవచ్చు కూడా. గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్న మనిషికి దీనిమీద టెన్షన్ ఎందుకు? కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్క మాట అడగండి.

తేమ. మందుకు చలి పెద్ద శత్రువు కాదు, తేమ శత్రువు. మైనస్ 15 సెల్సియస్‌లో పడే పొడి మంచును దులిపేస్తే పోతుంది. సున్నా దగ్గర ఊగిసలాడే రోజున పడే తడి మంచు కరిగి, సందుల్లోకి దిగి, మళ్లీ గడ్డకడుతుంది. మీ ప్రాంతంలో డిసెంబర్ ఏ రకమో చూసుకోండి. ఉత్తర మిన్నెసోటాది పొడి చలి. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల చాలా రోజులు మంచో వానో తేలని చినుకు.

వేళ్లు. ఫారెన్‌హీట్ 0 డిగ్రీల దగ్గర, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో, గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి తగిలే చలి ఫారెన్‌హీట్ మైనస్ 19తో సమానం. చేతులు కొంకర్లు పోతాయి. కందిగింజంత వస్తువును పట్టుకుని సరైన చోట పెట్టడం అప్పుడు ఎంత కష్టమో వేసవిలో షూటింగ్ రేంజిలో తెలియదు.

దూరం. సీజన్ చివరికి జింకల పద్ధతి మారుతుంది. నవంబర్‌లో జోడు కోసం పరుగులు పెట్టి బక్కచిక్కిన మగవి, చలికి ఒళ్లు కాపాడుకోవాల్సిన ఆడవి, అన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. కోయకుండా మిగిలిన మొక్కజొన్న, సోయా చేలకు సాయంత్రం పూట వస్తాయి. కాబట్టి ఐయోవాలో పొలం గట్టున కూర్చుంటే 120 గజాల గురి మామూలే. పెన్సిల్వేనియా కొండల్లో, దట్టమైన పొదల మధ్య, 50 గజాలు దాటి కనిపించడమే అరుదు.

ఇంటికొచ్చాక చేసే పని. కాల్చని రోజు తుపాకీ ఎలా ఖాళీ చేస్తారు? కాల్చిన రోజు ఎక్కడ కడుగుతారు? అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు. నల్లమందు కడిగిన బాత్‌టబ్ వాసన ఇంట్లోవాళ్లు అంత తొందరగా మరిచిపోరు.

## ఫ్లింట్‌లాక్: చెకుముకి తుపాకీ

హ్యామర్ నోట్లో బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుకుంటూ దిగుతుంది. నిప్పురవ్వలు కింద పళ్లెంలో ఉన్న రంజకం (ముందుగా అంటుకునే సన్న మందు) మీద పడతాయి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్న రంధ్రంలోంచి లోపలికి వెళ్లి అసలు మందును అంటిస్తుంది. ఇదంతా బయట, గాలిలో జరుగుతుంది. చలికాలంలో దీని అందమూ ఇబ్బందీ రెండూ అదే.

రంజకం తడిస్తే పని అయిపోయినట్టే. పైగా ఒకసారి కాల్చాక మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పళ్లెంలో కాసేపటికి నల్లటి బురద తయారవుతుంది. అందుకే ఫ్లింట్‌లాక్ వేటగాళ్లు పాటించేవి కొన్ని ఉన్నాయి. హ్యామర్, పళ్లెం ఉండే లాక్ భాగాన్ని చంక కింద దాచుకుని నడవడం. నూనె పట్టించిన తోలు ముక్కను దానిమీద కట్టడం. దాన్ని వాళ్లు ఆవు మోకాలు అంటారు, ఆకారం అలాగే ఉంటుంది. తడి రోజున గంటకోసారైనా పాత రంజకం తీసేసి, పళ్లెం పొడిగుడ్డతో తుడిచి, కొత్తది పోయడం. మందూ గుండూ కూరేటప్పుడు సన్న రంధ్రంలో ఒక ఈక దూర్చి ఉంచి, రంజకం పోసే ముందు తీసేయడం.

ఉక్కు పలక మీద నూనె జిడ్డు లేకుండా చూసుకోవడం చాలామంది మరిచిపోతారు. తుప్పు పట్టకుండా ఇంట్లో పూసిన నూనె అక్కడ మిగిలితే రవ్వలు పుట్టవు. రాయి అంచు మొద్దుబారినా అంతే. జేబులో రెండు మూడు కొత్త రాళ్లు, బిగించే స్క్రూడ్రైవర్ తప్పకుండా ఉండాలి.

మందు విషయంలో దీనికి వేరే దారి లేదు. అసలైన నల్లమందే కావాలి. దాని బదులు దొరికే మందులు అంటుకోవడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, రవ్వలకు లొంగవు. గొట్టంలోకి 2ఎఫ్ లేదా 3ఎఫ్ గింజ సైజు, పళ్లెంలోకి ఇంకా సన్నని 4ఎఫ్ వాడటం వాడుక. నల్లమందును పేలుడు పదార్థాల కింద లెక్కించి, నిల్వకు కఠిన నిబంధనలు పెట్టారు కాబట్టి పెద్ద స్పోర్ట్స్ దుకాణాల్లో చాలాచోట్ల దొరకదు. ముందే వెతికి పెట్టుకోవాలి.

ట్రిగ్గర్ నొక్కాక పేలడానికి పట్టే ఆ క్షణంలో చాలామంది కదిలిపోతారు. పళ్లెంలో మంట కళ్ల ముందే భగ్గుమంటుంది. ఆ మంటకి అలవాటు పడి గురి మీదే చూపు నిలపడానికి ఒక వేసవంతా సాధన కావాలి. చలికి వణుకుతున్న ఒళ్లు దీనికి తోడైతే, నా ఉద్దేశంలో, 50 గజాలు దాటి కాల్చకపోవడం జింకకూ మీకూ మంచిది. బాగా చేయి తిరిగినవాళ్లు 75 దాకా వెళ్లొచ్చు.

ఇంత చెప్పాక కూడా దీన్ని ఎందుకు కొనాలి? మీరుండేది పెన్సిల్వేనియా అయితే క్రిస్మస్ తర్వాతి సీజన్‌కు ఇంకో దారి లేదు కాబట్టి. ఆ సీజన్‌లో కొండల మీద తిరిగే గుంపుల సరదా వేరు కాబట్టి. అక్కడ పదిమంది కలిసి, కొందరు పొదల్లోంచి జింకల్ని తోలుతూ, మిగతావాళ్లు దారుల్లో కాపు కాస్తారు. అలా నడిచే వేటలో ఒళ్లు వెచ్చగా ఉంటుంది. కదలకుండా కూర్చునేవాడి కంటే చేతులు బాగా పనిచేస్తాయి. ఫ్లింట్‌లాక్‌కు నప్పే చలికాలపు వేట ఇదే.

## క్యాప్‌లాక్

చెకుముకి స్థానంలో చిన్న రాగిరంగు టోపీ వచ్చింది. గొట్టం వెనక ఉండే నిపిల్ అనే చిన్న బోలు ముక్క మీద టోపీ పెడితే హ్యామర్ దానిమీద పడుతుంది. మంట నేరుగా లోపలికే వెళ్తుంది. తేమ నుంచి ఫ్లింట్‌లాక్ కంటే చాలా నయం. ఆలస్యం దాదాపు ఉండదు. చూడటానికి పాతకాలపు అందం పోదు.

దీంతో నా పేచీ ఒక్కటే: ఆ 11వ నంబర్ టోపీ. కందిగింజ కంటే కాస్త పెద్దదేమో. గ్లోవ్స్‌తో పట్టుకోలేరు. గ్లోవ్స్ తీస్తే ఒక నిమిషంలో వేళ్లు మొద్దుబారతాయి. టోపీలను వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే నిపిల్ మీద దించే క్యాపర్ అనే పనిముట్టు మెడలో వేలాడదీసుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఇంకా పెద్ద సైజు మస్కెట్ క్యాప్ పట్టే నిపిల్ వేయించుకుంటే మిగతా సగం కూడా. మస్కెట్ క్యాప్ మంట ఎక్కువ, పట్టుకోవడం తేలిక.

మందు కూరే ముందు ఒకటి రెండు ఖాళీ టోపీలు పేల్చి నిపిల్‌లో నిలిచిన నూనెను కాల్చేయాలి. ఇది చేయకపోతే మొదటి దెబ్బ తుస్సుమనే అవకాశం ఎక్కువ. చలికి నూనె చిక్కబడుతుంది కాబట్టి వేసవిలో కన్నా ఇంకా ఎక్కువ.

బయటికి కనిపించే క్యాప్ కావాలనే రాష్ట్రాల్లో ఇదే సరైన ఎంపిక. అలాంటి షరతు లేనిచోట, చలికాలపు వేట కోసమే కొంటున్నారంటే, నేను దీన్ని సలహా ఇవ్వను. పాత తుపాకుల మీద ప్రేమ ఉంటే ఎలాగూ నా సలహా అడగరు.

## ఇన్‌లైన్

టోనీ నైట్ అనే ఆయన 1985లో ఎంకే-85 తెచ్చాక మజిల్‌లోడర్ వేట రూపమే మారిపోయింది. మందును అంటించే ప్రైమర్ గొట్టానికి సరిగ్గా వెనక, ఒకే గీతలో ఉంటుంది. ఇప్పుడొచ్చే వాటిలో ఎక్కువ భాగం షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ వాడతాయి. తుపాకీని మధ్యలో కీలు దగ్గర విరిచి తెరిచి, ప్రైమర్ పెట్టి, మూసేయడమే. మూసేశాక గాలీ మంచూ దాదాపు లోపలికి పోవు.

209 ప్రైమర్ మంట 11వ నంబర్ టోపీ మంట కంటే చాలా పెద్దది. చలిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. స్కోపు పెట్టుకోవచ్చు. గొట్టం లోపల గాడులు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా ఉంటాయి, పొడవాటి గుండ్లకు అది నప్పుతుంది. అలవాటైన చేతికి 150 గజాలు పెద్ద దూరం కాదు. మామూలు మోడళ్లు మూడు నాలుగు వందల డాలర్లలో మొదలవుతాయి. కొత్తవాళ్లు ఖరీదైనదాని కోసం తహతహలాడక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బు బూట్ల మీద పెట్టండి.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. గొట్టం వెనక బిగించే బ్రీచ్ ప్లగ్ చేత్తో విప్పడానికి వస్తుందా? రాత్రి పార్కింగ్‌లో రెంచ్ వెతుక్కునే పని తప్పుతుంది. రెండోది, గ్లోవ్స్ వేసుకున్న చేత్తో ప్రైమర్ పెట్టి తీయడం అవుతుందా? దుకాణంలోనే మందపాటి గ్లోవ్స్ వేసుకుని వాడిన ప్రైమర్‌తో ప్రయత్నించండి. కౌంటర్ వెనకాయన నవ్వితే నవ్వనీయండి.

స్కోపుకు మూత తప్పనిసరి. చలిలో మీ ఊపిరే అద్దం మీద మంచు పొరలా పేరుకుంటుంది. గురి చూస్తూ నోటితో ఊపిరి వదలకూడదు. ఇది చిన్న విషయంలా అనిపించినా, సరిగ్గా జింక కనపడ్డప్పుడే అందరూ గసపోసుకుంటారు.

## వెనక నుంచి మందు పెట్టే కొత్త రకం

2020 ప్రాంతంలో ఫెడరల్ కంపెనీ ఫైర్‌స్టిక్ అనే గొట్టాలు తెచ్చింది. కొలిచిన మందు ప్లాస్టిక్ గొట్టంలో సీలు చేసి ఉంటుంది. గుండును మూతి వైపు నుంచే కూరతారు, మందు గొట్టాన్ని మాత్రం వెనక నుంచి పెడతారు. ట్రెడిషన్స్ కంపెనీ నైట్రోఫైర్ తుపాకీ దీనికోసం చేసినదే. తేమకు ఇంతకు మించిన జవాబు లేదు. సాయంత్రం మందు గొట్టం బయటికి లాగేస్తే చాలు.

కానీ దీన్ని మజిల్‌లోడర్‌గా ఒప్పుకోని రాష్ట్రాలున్నాయి. ఆ మందు గొట్టాలు మీ ఊళ్లో దొరక్కపోతే తుపాకీ గోడకు వేలాడటమే. రెండూ సరిపోయినవాళ్లకి, అందులోనూ వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, ఇది బాగా పనికొస్తుంది.

| చూడాల్సినది | ఫ్లింట్‌లాక్ | క్యాప్‌లాక్ | ఇన్‌లైన్ | ఫైర్‌స్టిక్ రకం |
|---|---|---|---|---|
| తడి మంచులో నమ్మకం | తక్కువ, నిత్యం కాపలా కావాలి | ఫర్వాలేదు | బాగుంటుంది | అన్నిటికన్నా మెరుగు |
| మొద్దుబారిన వేళ్లతో | రంజకం పోయడం కష్టం | క్యాపర్ ఉంటే నయం | తేలిక | చాలా తేలిక |
| కాల్చడం ఆపాల్సిన దూరం | 50 గజాలు | 75 గజాలు | 150 గజాలు | 150 గజాలు |
| మందు | అసలు నల్లమందు ఒక్కటే | నల్లమందు, కొన్ని ప్రత్యామ్నాయాలు | దాదాపు అన్ని ప్రత్యామ్నాయాలు | సీలు గొట్టాలే |
| కాల్చకుండా ఖాళీ చేయడం | తిప్పలు | తిప్పలు | ప్లగ్ విప్పి తోసేయడం | లాగేస్తే సరి |
| ఎక్కువ అడ్డొచ్చేది | వాతావరణం | టోపీ సైజు | కొన్ని రాష్ట్రాల చట్టం | మరిన్ని రాష్ట్రాల చట్టం, సరఫరా |

## మందు ఎంపిక

తుపాకీ ఎంత ముఖ్యమో చలిలో మందు అంతే ముఖ్యం. దీనిమీద దుకాణాల్లో ఎవరూ తీరికగా చెప్పరు.

అసలు నల్లమందు అంటే 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. సులువుగా అంటుకుంటుంది. మసి మాత్రం విపరీతం. చలికాలపు పొడి గాలిలో ఆ మసి గొట్టం లోపల గట్టిపడి, రెండో గుండు దింపేటప్పుడు సగంలో ఆపేస్తుంది. గుండు మందు మీద పూర్తిగా ఆనకుండా మధ్యలో ఆగిపోతే కాల్చడం ప్రమాదం. గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే గుండు పూర్తిగా దిగినప్పుడు, దాన్ని కూరే కడ్డీ అంటే రామ్‌రాడ్ ఎంతవరకు వస్తుందో ఇంట్లోనే గీత గీసి పెట్టుకోవాలి.

పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి ప్రత్యామ్నాయాలను పేలుడు పదార్థాలతో సమానంగా చూడరు కాబట్టి దొరకడం తేలిక. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు. వాసన తక్కువ, నీళ్లతో పోతుంది. 209 ప్రైమర్లతో వాడితే గుండు ఆనే చోట గట్టి మసి వలయం ఏర్పడుతుంది. ఒకటే గుండు కాల్చి ఇంటికి పోయేవాడికి దాంతో ఇబ్బంది లేదు, రేంజిలో పది కాల్చేవాడికి ఉంది. మందు బిళ్లలుగా కూడా దొరుకుతుంది. చలి వేళ్లకు బిళ్లలే హాయి. పొడి మందుతో కొలత మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ముందే కొలిచి చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి తీసుకెళ్తే పొడి మందూ అంత ఇబ్బందిగా ఉండదు.

బ్లాక్‌హార్న్ 209 అనే మందుకే నా ఓటు. మసి తక్కువ, తేమను పెద్దగా పీల్చుకోదు, వేగంలో నిలకడ ఉంటుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. బలమైన 209 ప్రైమర్, మూసుకున్న బ్రీచ్ ఉంటేనే పనిచేస్తుంది. ఫ్లింట్‌లాక్‌లో, 11వ నంబర్ టోపీతో వాడితే వృథా. నీళ్లతో కడిగితే పోదు, మామూలు గన్ సాల్వెంట్ కావాలి. చలిలో నీళ్ల బకెట్ లేకుండా పని అయిపోతుంది కాబట్టి అపార్ట్‌మెంట్ వాసులకు ఇది వరమే.

ఏ మందైనా కొలపాత్రతో, తుపాకీ తయారీదారు పుస్తకంలో రాసిన మేరకే. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే డబ్బా చేతిలోనే పేలుతుంది. ఇప్పటి రైఫిల్ తూటాల్లో వాడే పొగ రాని మందును వీటిలో పోస్తే గొట్టం పగిలి ప్రాణం పోవచ్చు. దానికోసం ప్రత్యేకంగా తయారైన కొన్ని మోడళ్లు ఉన్నాయి. మీది అదేనని పుస్తకంలో రాసి ఉంటే తప్ప ఆ వైపు చూడకండి.

## గుండు, లూబ్

0.50 క్యాలిబర్ ఫ్లింట్‌లాక్‌లో వాడే గుడ్డ చుట్టిన సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్లు, పదకొండున్నర గ్రాములు. జారేందుకు గుడ్డకు రాసే జిడ్డులో, అంటే లూబ్‌లో, నీరు ఉంటే చలికి గడ్డకడుతుంది. వేసవిలో బాగా పనిచేసిన సబ్బునీళ్ల మిశ్రమం డిసెంబర్‌లో గుడ్డను రేకులా చేస్తుంది. మింక్ ఆయిల్ లాంటి కొవ్వు నూనెలు మేలు.

ఇన్‌లైన్లలో వాడే ప్లాస్టిక్ తొడుగు గుండ్లది వేరే ఇబ్బంది. ప్లాస్టిక్ చలికి బిగుసుకుంటుంది. జీరోకి కింద కూరడం కష్టమవుతుంది, గురి కూడా కాస్త మారవచ్చు. రెండో గుండును కోటు లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకుంటే సరిపోతుంది. అందుకే సెప్టెంబర్‌లో గురి సరిచేసి వదిలేయకుండా, నిజంగా చలి పడ్డ రోజున మళ్లీ రెండు మూడు కాల్చి చూడాలి.

## ఏ తుపాకీకైనా వర్తించేవి

చల్లటి తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపలా బయటా నీటి బిందువులు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు చెమర్చినట్టే. మర్నాడు బయటికి తీసుకెళ్తే ఆ నీరు మందును తడుపుతుంది. దీనికి మందు తోసేసి మళ్లీ కొత్తగా నింపడమే శుభ్రమైన పద్ధతి. కొందరు ప్రైమరో టోపీయో తీసేసి, తుపాకీని తాళం వేసిన చల్లటి గ్యారేజీలోనే ఉంచుతారు. చాలా రాష్ట్రాల్లో ప్రైమర్ తీసేస్తే, ఫ్లింట్‌లాక్ అయితే పళ్లెం ఖాళీ చేస్తే, కారులో తీసుకెళ్లడానికి ఖాళీ తుపాకీగానే లెక్క. అన్నిచోట్లా కాదు. పిల్లలున్న ఇల్లైతే చట్టం ఏమన్నా సరే, నా సలహా: గొట్టం పూర్తిగా ఖాళీ చేయండి.

గొట్టం మూతికి ఒక ముక్క ఎలక్ట్రికల్ టేపు అంటిస్తే మంచు లోపలికి పోదు. గుండు కదలకముందే గాలి దాన్ని చింపేస్తుంది కాబట్టి కాల్చేటప్పుడు తీయక్కర్లేదు. లాక్‌లో, ట్రిగ్గర్ భాగాల్లో చిక్కటి గ్రీజు ఉంటే సీజన్ ముందు తుడిచేయండి. చలికి అది జిగురైపోయి హ్యామర్ దెబ్బ బలం తగ్గిస్తుంది.

ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే తుపాకీ దించి లోపలికి చూడకండి. కనీసం ఒక నిమిషం పాటు ప్రమాదం లేని వైపుకే గురి పెట్టి ఉంచండి. లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా తుపాకీని బట్టే. చెట్టు మీది స్టాండ్‌లో గాలి నేరుగా తగులుతుంది, మందపాటి బట్టలతో ఎక్కడం దిగడం ప్రమాదం, ఒళ్లంతా పట్టే ఫుల్ బాడీ హార్నెస్ లేకుండా అసలు కూడదు. నేలమీది గుడారం లాంటి బ్లైండ్ తేమను ఆపుతుంది. ఫ్లింట్‌లాక్‌తో కదలకుండా కూర్చోవాలనుకుంటే బ్లైండే దారి. లోపల చిన్న ప్రొపేన్ హీటర్ పెట్టేవాళ్లు గాలి ఆడేలా కిటికీ తెరిచి ఉంచాలి, మందును దానికి దూరంగా పెట్టాలి. బట్టల సంగతి ఒక్క మాటలో: ఒంటికి తగిలే పొర కాటన్ కాకూడదు, ఊలుది కావాలి. మనవాళ్లు మొదటి ఏడాది జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చి గంటలో కారెక్కేస్తారు.

## ఎవరికి ఏది

మిడ్‌వెస్ట్‌లో ఉండి, పొలాల గట్ల మీద కూర్చుని, ఏటా నాలుగైదు రోజులకు మించి తీరిక లేని ఉద్యోగి: మధ్యరకం ధరలో విరిచే ఇన్‌లైన్, బ్లాక్‌హార్న్ 209, మామూలు స్కోపు. ఆలోచించడానికి ఏమీ లేదు.

పెన్సిల్వేనియా వాసి: రెండు దారులు. అక్టోబర్‌లో ఆడజింకల కోసం వచ్చే చిన్న మజిల్‌లోడర్ సీజన్‌లో ఇన్‌లైన్ చెల్లుతుంది. చలి పడదనుకుంటే అది చాలు. క్రిస్మస్ సెలవుల్లోనే తీరిక అయితే ఫ్లింట్‌లాక్ నేర్చుకోవాలి. అలాంటప్పుడు మరీ చవక ఫ్లింట్‌లాక్ కొనొద్దు. ఇన్‌లైన్‌లో చవకది కూడా పేలుతుంది. ఫ్లింట్‌లాక్‌లో చవక లాక్ రవ్వలు సరిగా రాల్చదు, మీరేమో మందును తిడతారు.

ఐడహో లాంటి చోట, నిబంధనలు పాతకాలం వైపు మొగ్గే రాష్ట్రంలో: మస్కెట్ క్యాప్ పెట్టిన క్యాప్‌లాక్, లేదా క్యాప్ బయటికి కనిపించేలా ఆ రాష్ట్రం కోసమే చేసిన ఇన్‌లైన్. రెండో రకం కొనేముందు మోడల్ పేరు పట్టుకుని వేట విభాగానికి ఫోన్ చేయండి.

ఉద్యోగం కోసం రాష్ట్రాలు మారుతూ ఉండేవాళ్లు ఫైర్‌స్టిక్ రకం జోలికి పోవద్దు. కొత్త రాష్ట్రం ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

వేట పడుతుందో లేదో ఇంకా తెలియనివాళ్లు ఏదీ కొనకండి. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయండి, లైసెన్స్‌కు చాలాచోట్ల అది ఎలాగూ కావాలి. ఒక సీజన్ స్నేహితుడి పక్కన కూర్చోండి. జనవరికి కొన్ని మగ జింకలకు కొమ్ములు రాలిపోతాయి. దూరం నుంచి ఆడదనుకుని కాల్చింది మగది కావడం మామూలే, దాని లెక్క మీ రాష్ట్రంలో ఎలా రాస్తారో అతన్నే అడిగి తెలుసుకోండి. సీడబ్ల్యూడీ అనే జింకల జబ్బు ఉన్న ప్రాంతమైతే మాంసం పరీక్షకు ఎక్కడ ఇవ్వాలో కూడా.

ఆ స్నేహితుడు తన పాత మజిల్‌లోడర్ వాడుకోమని ఇస్తే, థ్యాంక్స్ చెప్పి మొదట చేయాల్సింది ప్రైమర్ లేదా టోపీ లేదని చూసుకుని, మూతికి ముఖం అడ్డు పెట్టకుండా రామ్‌రాడ్ గొట్టంలోకి దించి చూడటం. గొట్టం ఖాళీ అని చూపే గీత దాకా దిగకపోతే పోయిన సీజన్ మందూ గుండూ ఇంకా లోపలే ఉన్నాయని అర్థం.